మా ఆఫీసు ఫైళ్లకు రెండో ఊరు

సర్వర్ అనగానే చల్లటి ఏసీ గది, మినుకుమినుకుమనే నీలం లైట్లు, మెడలో ట్యాగులు వేసుకున్న ఇంజినీర్లు గుర్తొస్తారు. మా ఆఫీసు సర్వర్‌కి అంత సీను లేదు. సార్ కొత్త కంప్యూటర్ కొనుక్కున్నప్పుడు మిగిలిపోయిన పాత డబ్బా అది. జెరాక్స్ మిషన్ పక్కన, గోడకి కొట్టిన చెక్క అర మీద కూర్చుని ఉంటుంది. మానిటర్ లేదు, కీబోర్డు లేదు. పక్కన ఒక యూపీఎస్, వెనక ఒక నెట్‌వర్క్ కేబుల్. అంతే. కానీ దాదాపు 300 మంది క్లయింట్ల పాన్ కార్డులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, బ్యాలెన్స్ షీట్లు దాని కడుపులోనే ఉన్నాయి.

మాది విజయవాడ సింగ్‌నగర్ వైపు ఒక ఆడిటర్ గారి ఆఫీసు. సార్‌తో కలిపి తొమ్మిది మందిమి. నేను అకౌంట్స్ చూస్తాను. కంప్యూటర్లంటే కాస్త ఆసక్తి ఉందని బయటపడిన రోజు నుంచి ప్రింటర్‌లో పేపర్ ఇరుక్కున్నా నన్నే పిలుస్తారు. మీ ఆఫీసులోనూ అలాంటివాళ్లు ఒకరుంటారు. బహుశా అది మీరే. ఇది ఎక్కువగా మీ కోసమే.

ఫైలు ఎక్కడుంది బాబూ?

2023 వరకూ మా ఫైళ్లన్నీ ‘మెయిన్ సిస్టమ్’లో ఉండేవి. అంటే సార్ టేబుల్ మీది కంప్యూటర్. అందులోని ఒక ఫోల్డర్‌ని అందరికీ షేర్ చేసి ఉంచారు. సార్ భోజనానికి వెళ్తూ అలవాటు కొద్దీ షట్‌డౌన్ కొడితే, మిగతా ఎనిమిది మందీ చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే. అందుకని ఎవరి జాగ్రత్తలో వాళ్లు ఒక కాపీ తమ కంప్యూటర్‌లో పెట్టుకునేవాళ్లు. ఇంకో కాపీ పెన్‌డ్రైవ్‌లో. మరొకటి వాట్సాప్ గ్రూపులో.

ఫలితం మీరు ఊహించగలరు. ఒకే బ్యాలెన్స్ షీటు ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘ఫైనల్ సార్ చూసింది’, ‘అసలు ఫైనల్’ అనే నాలుగు పేర్లతో నాలుగు చోట్ల ఉండేది. బ్యాంకుకి ఏది పంపామో తెలుసుకోవాలంటే సెంట్ మెయిల్ తవ్వాలి.

అయినా బండి నడిచిపోయేది. నడవని పరిస్థితి మా సీనియర్ అక్క వల్ల వచ్చింది. పన్నెండేళ్లుగా ఆ ఆఫీసులో ఉన్న మనిషి. ఏ క్లయింటు ఏ సంవత్సరం ఏ నోటీసుకి ఏం జవాబిచ్చాడో నోటి లెక్కగా చెప్పేస్తుంది. వాళ్లాయనకి విశాఖపట్నం బదిలీ అయింది. పిల్లల్ని, కాపురాన్ని రెండు ఊళ్లలో పెట్టలేదు. ఉద్యోగం మానేస్తానని చెప్పడానికి సార్ గదిలోకి వెళ్లింది. బయటికొచ్చాక ఇద్దరి మొహాలూ ఒకేలా ఉన్నాయి.

‘ఇంటి నుంచి చేయొచ్చు కదా సార్’ అన్నాను నేను.

‘క్లయింట్ల కాగితాలు ఇంటికి పంపమంటావా? రేపు ఏదైనా బయటికి పోతే సంతకం ఎవరిది? నాదే’ అన్నారు సార్.

ఆయన భయం న్యాయమైనదే. ఒక మనిషి పాన్, ఆధార్, బ్యాంకు ఖాతా, సంతకం, నాలుగూ ఒకేచోట దొరికే జాగా ఏదైనా ఉందంటే అది ఆడిటర్ ఆఫీసే. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా, సమాచారం ఎవరి దగ్గరుందో దాన్ని కాపాడే బాధ్యత వాళ్లదే అంటోంది. చివరికి సార్ ఒక్క మాటతో తేల్చారు: ‘ఫైలు ఆఫీసు దాటకూడదు. పని దాటితే నాకు అభ్యంతరం లేదు.’

ఆ తర్వాత నేను చేసిన ప్రతి పనికీ ఆ మాటే కొలత.

అద్దె ఇల్లా, సొంత ఇల్లా?

ముందు నిజాయితీగా ఒక మాట. మీది ముగ్గురు నలుగురి ఆఫీసైతే, పనంతా వర్డ్, ఎక్సెల్ ఫైళ్లే అయితే, మీకు సర్వర్ అక్కర్లేదు. ఏదో ఒక పెద్ద కంపెనీ క్లౌడ్ డ్రైవ్‌కి నెలనెలా డబ్బు కట్టి హాయిగా ఉండొచ్చు. అది అద్దె ఇల్లు. రిపేర్లు ఓనర్ చూసుకుంటాడు.

మాకు అది సరిపడకపోవడానికి ముఖ్య కారణం ట్యాలీ. ఒకే కంపెనీ డేటాలో ముగ్గురు ఒకేసారి ఎంట్రీలు వేస్తుంటారు. అలాంటి డేటాని క్లౌడ్ ఫోల్డర్‌లో పెడితే అది ప్రతి కంప్యూటర్‌కీ విడివిడిగా కాపీలు పంపుతూ, ఎవరి కాపీ సరైనదో తేల్చుకోలేక గందరగోళపడుతుంది. పైగా మా దగ్గర స్కాన్ చేసిన కాగితాలతో కలిపి 600 జీబీ సరుకుంది. అందుకే సొంత ఇంటికే మొగ్గాం.

పాత డబ్బాలో లినక్స్ వేసి, దాని మీద సాంబా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టాను. విండోస్ కంప్యూటర్లు ఫైళ్లు పంచుకోవడానికి ఎస్ఎంబీ అనే భాష మాట్లాడుకుంటాయి. ఆ భాషని వేరే కంప్యూటర్లకి నేర్పేదే సాంబా. ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ అనే పరిశోధక విద్యార్థి 1992లో దీనికి బీజం వేశాడు. ఎస్, ఎం, బీ అక్షరాలు వరసగా వచ్చే పదం కోసం కంప్యూటర్ నిఘంటువులో వెతికితే ‘సాంబా’ దొరికిందట. మన ఇడ్లీ సాంబారుతో దానికి సంబంధం లేదు కానీ, మా ఆఫీసులో అందరూ దాన్ని ‘సాంబారు’ అనే పిలుస్తారు.

ఇదంతా తలనొప్పి అనుకుంటే రెడీమేడ్ డబ్బాలు దొరుకుతాయి. వాటిని నాస్ అంటారు. డిస్కులు తోసి, బ్రౌజర్‌లో నాలుగు బటన్లు నొక్కితే చాలు. లోపల జరిగేది దాదాపు ఇదే.

డిస్కులు రెండు కొన్నాం. ఒక్కోటీ 4 టీబీ. (పెట్టె మీద 4 అని ఉన్నా విండోస్‌లో 3.63 అనే కనిపిస్తుంది. షాపువాడు మోసం చేయలేదు. డిస్కు కంపెనీ వెయ్యితో లెక్కేస్తుంది, విండోస్ 1024తో లెక్కేస్తుంది.) రెండిటినీ అద్దంలో బొమ్మలా జత చేశాం. ఒకదాంట్లో రాసింది రెండోదాంట్లోనూ అదే క్షణంలో పడుతుంది. దీన్ని రెయిడ్ అంటారు. ఒక డిస్కు చచ్చిపోయినా ఆఫీసు ఆగదు.

ఇక్కడే చాలామంది ఊపిరి పీల్చుకుని ఆగిపోతారు. ఆగకూడదు. అద్దం మీరేం చేస్తే అదే చూపిస్తుంది. ఎవరైనా పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే రెండు డిస్కుల్లోనూ ఒకేసారి పోతుంది. వైరస్ తాళం వేస్తే రెండిటికీ వేస్తుంది. దొంగ ఎత్తుకుపోతే రెండూ కలిసే పోతాయి. రెయిడ్ ఆఫీసు ఆగకుండా చూస్తుంది, అంతే. బ్యాకప్ వేరే సంగతి. దాని దగ్గరికి వస్తాను.

ఎవరి గది ఎవరిది

టెక్నికల్ పని ఒక శనివారంలో అయిపోయింది. వారం రోజులు పట్టింది మాత్రం ఎవరు ఏ ఫోల్డర్ చూడొచ్చో తేల్చుకోవడానికి.

ఆదాయపన్ను, జీఎస్టీ, టీడీఎస్, స్కాన్లు అని పెద్ద ఫోల్డర్లు. వాటిలో క్లయింటు నంబరు, దాని కింద ఆర్థిక సంవత్సరం. ఇంతవరకూ గొడవ లేదు. ఆర్టికల్స్ చేస్తున్న పిల్లలు అన్ని క్లయింట్ల ఫైళ్లూ చూడాలా? ఫీజుల లెక్క ఎవరు చూడాలి? జీతాల షీటు? ఇన్నాళ్లూ ‘మెయిన్ సిస్టమ్’లో అందరికీ అన్నీ కనిపించేవి, ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరూ ఆలోచించలేదు.

సార్ ఒక కాగితం మీద గీతలు కొట్టి పట్టిక వేశారు. అడ్డంగా పేర్లు, నిలువుగా ఫోల్డర్లు. గడిలో ‘చూడొచ్చు’, ‘మార్చొచ్చు’, లేదా ఖాళీ. ఆ కాగితాన్నే నేను సర్వర్‌లోకి ఎక్కించాను. ప్రతి మనిషికీ సొంత యూజర్ పేరు, సొంత పాస్‌వర్డ్. ‘ఆఫీస్123’ అనే సామూహిక పాస్‌వర్డ్‌కి ఆ రోజుతో కర్మకాండ ముగిసింది.

ఇంకో చిన్న పని చేశాం. యూపీఎస్ నుంచి సర్వర్‌కి ఒక యూఎస్‌బీ కేబుల్ పెట్టాం. కరెంటు పోయి బ్యాటరీ అడుగంటుతుంటే యూపీఎస్ ఆ సంగతి చెబుతుంది, సర్వర్ తనంతట తానే మర్యాదగా పడుకుంటుంది. కరెంటు ఠపీమని పోతే డిస్కులకి మంచిది కాదు. ఆ కేబుల్ చాలా యూపీఎస్‌లతో పాటే వస్తుంది, చాలామంది దాన్ని డబ్బాలోనే వదిలేస్తారు.

వీధి తలుపు తెరవకండి

ఇప్పుడు అసలు విషయం. విశాఖలో ఉన్న అక్కకి దారి ఎలా?

కంప్యూటర్ రిపేర్లకి వచ్చే అన్న తేలిగ్గా చెప్పాడు: ‘రౌటర్‌లో పోర్టు ఓపెన్ చేసేస్తే అయిపోద్ది.’ అంటే ఇంటర్నెట్‌లో ఎవరైనా మా నంబరు కొడితే నేరుగా సర్వర్ తలుపు దగ్గరికి వచ్చేలా చేయడం. అక్క రావచ్చు. అక్కతో పాటు ప్రపంచమంతా రావచ్చు. తెరిచి ఉన్న తలుపుల కోసం ఇంటర్నెట్ మొత్తాన్నీ రాత్రింబవళ్లు వెతికే ప్రోగ్రాములు ఉన్నాయి. సింగ్‌నగర్‌లో చిన్న ఆఫీసు కదా, మనల్నెవరు పట్టించుకుంటారు అనుకోవడానికి లేదు. వాటికి చిన్నా పెద్దా తెలీదు.

2017 మే నెలలో వానాక్రై అనే వైరస్ 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లకి తాళాలు వేసి డబ్బులడిగింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. అది ప్రవేశించిన దారి ఇదే ఎస్ఎంబీ, 445 నంబరు పోర్టు. ఆ కన్నం పూడ్చే అప్‌డేట్‌ని మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చింది. వేసుకోనివాళ్లు దొరికిపోయారు.

అసలు మేం పోర్టు తెరుద్దామనుకున్నా కుదిరేది కాదు. ఐపీవీ4 పద్ధతిలో ప్రపంచం మొత్తానికి ఉన్న ఇంటర్నెట్ అడ్రసులు సుమారు 429 కోట్లు. ఫోన్లు, టీవీలు, సీసీ కెమెరాలు అన్నిటికీ అవి చాలవు. అందుకే చాలా నెట్ కంపెనీలు ఎంతోమంది కస్టమర్లని ఒకే అడ్రసు వెనక నిలబెడతాయి. పెద్ద అపార్ట్‌మెంటుకి వీధి నంబరు ఒకటే ఉండి, ఫ్లాట్ నంబర్లు వాచ్‌మన్‌కి మాత్రమే తెలిసినట్టు. మీరు బయటికి వెళ్లగలరు, బయటివాళ్లు మీ ఫ్లాటు పేరు చెప్పి లోపలికి రాలేరు. మీ రౌటర్ సెట్టింగ్స్‌లో బయటి అడ్రసు 100.64 నుంచి 100.127 మధ్య అంకెలతో మొదలైతే మీరూ ఆ అపార్ట్‌మెంటులోనే ఉన్నారు.

దీనికి పరిష్కారం వీపీఎన్. సినిమాల కోసం దేశం మార్చే యాప్ అని మన కుర్రాళ్లకి తెలిసిన వీపీఎన్ వేరు. ఇది ఆఫీసు వాళ్ల సొంత సొరంగం. మేం వైర్‌గార్డ్ ఆధారంగా పనిచేసే టెయిల్‌స్కేల్ వాడాం. వైర్‌గార్డ్ కోడ్ సుమారు నాలుగు వేల లైన్లే. చిన్నది కాబట్టి తప్పులు వెతకడం తేలిక. 2020 మార్చిలో లినక్స్ గుండెలోకే దాన్ని చేర్చుకున్నారు. అక్క ల్యాప్‌టాప్, మా సర్వర్ రెండూ లోపలి నుంచి బయటికి చేతులు చాపి కలుసుకుంటాయి. కాబట్టి రౌటర్‌లో ఏ తలుపూ తెరవక్కర్లేదు. ప్రతి పరికరానికీ విడి తాళంచెవి. ఫోను పోతే ఆ ఒక్క చెవినీ జాబితాలోంచి కొట్టేస్తే చాలు.

ఇంకో చిక్కుముడి మిగిలింది. ఆఫీసులో కంప్యూటర్ ఒక మాట అడిగితే సర్వర్ సెకనులో వెయ్యో వంతు కూడా పట్టకుండా జవాబిస్తుంది. విశాఖ నుంచి అడిగితే దానికి ఎన్నో రెట్లు పడుతుంది. ఒక్క మాటకి అది తెలీదు. ట్యాలీ ఒక రిపోర్టు తెరవాలంటే వందల మాటలు అడుగుతుంది. కాబట్టి సొరంగం గుండా ట్యాలీ డేటాని నేరుగా తెరిస్తే నత్తనడకే. మధ్యలో నెట్ తెగితే డేటా పాడయ్యే ప్రమాదం కూడా.

అందుకని అక్క పాత సీట్లోని కంప్యూటర్‌ని అలాగే ఉంచేశాం. అక్క విశాఖ నుంచి సొరంగంలోకి వచ్చి, రిమోట్ డెస్క్‌టాప్‌తో ఆ కంప్యూటర్‌నే నడుపుతుంది. ఆమెకి వెళ్లేది తెర మీది బొమ్మ మాత్రమే. ఫైలు ఆఫీసు దాటదు, పని దాటుతుంది. దీనికి ఆఫీసు కంప్యూటర్‌లో విండోస్ ప్రో ఉండాలి, హోమ్ ఎడిషన్‌లో ఈ సదుపాయం ఉండదు.

మొదటి రోజు అక్క వీడియో కాల్‌లో తన పాత డెస్క్‌టాప్ చూసి, ‘ఒరేయ్, నా వాల్‌పేపర్ కూడా మార్చలేదేంట్రా’ అంది. గొంతు కాస్త మారింది.

దారి తెరుచుకుంటే వచ్చే తలనొప్పి కూడా వెంటనే వచ్చింది. రాత్రి పదింటికి సార్ ఫోన్: ‘అమ్మా, ఒక్కసారి లాగిన్ అయ్యి చూస్తావా?’ రెండు వారాలు చూసి అక్కే చెప్పింది, ‘సార్, ఆఫీసు ఇంటికి రావొచ్చు గానీ ఇంట్లోనే మకాం పెట్టకూడదండీ’ అని. సార్ నవ్వి ఒప్పుకున్నారు. గడువు రోజులు తప్ప, సాయంత్రం ఆరున్నర తర్వాత ఆ దారి మూసే ఉంటుంది. సర్వర్‌లోనే అలా పెట్టించారు.

బస్సెక్కిన డిస్కు

బ్యాకప్‌కి ఒక పాత సూత్రం ఉంది: మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, అందులో ఒకటి వేరే ఊళ్లో. వేరే ఊరు కోసం గుంటూరులో ఉండే సార్ వాళ్ల అక్కగారి ఇంటిని ఎంచుకున్నాం. వాళ్ల టీవీ స్టాండ్ కింద ఒక చిన్న డబ్బా, ఒక పెద్ద డిస్కు. డిస్కు మొత్తం ఎన్‌క్రిప్ట్ చేశాం. ఎవరైనా ఎత్తుకుపోయినా వాళ్లకి అది ఇనప ముక్కే.

మొదటి కాపీ నెట్ మీద పంపడం దండగ. మాకు అప్పట్లో అప్‌లోడ్ 20 ఎంబీపీఎస్. ఎనిమిదితో భాగిస్తే సెకనుకి 2.5 ఎంబీ. 600 జీబీ వెళ్లడానికి దాదాపు మూడు రోజులు, అదీ ఎక్కడా ఆగకుండా ఉంటే. అందుకని ఆఫీసులోనే రాత్రికి రాత్రి కాపీ చేసి, పండిట్ నెహ్రూ బస్టాండులో గుంటూరు నాన్‌స్టాప్ ఎక్కి, ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లాను. ఆ తర్వాత రోజూ రాత్రి 11 గంటలకి ఆ రోజు మారినంత మేరకే సొరంగం గుండా వెళ్తుంది. అది చేసే ఆర్‌సింక్ అనే పనిముట్టు వెనక ఉన్నదీ అదే ట్రిడ్జెల్.

ఇందులో రెండు జాగ్రత్తలున్నాయి. గుంటూరు డబ్బాయే వచ్చి ఫైళ్లు తీసుకెళ్తుంది, ఆఫీసు సర్వర్‌కి గుంటూరులో రాసే హక్కు లేదు. ఆఫీసుకి వైరస్ సోకినా అది గుంటూరుని చెరపలేదు. రెండోది, గుంటూరులో గత 30 రోజుల రూపాలూ విడివిడిగా ఉంటాయి. పోయిన మంగళవారం ఫైలు ఎలా ఉందో చూడొచ్చు.

‘ఇంత అవసరమా?’ అన్నారు ఒకరిద్దరు. కోపంగా కాదు, నవ్వుతూనే.

బుడమేరు

2024 ఆగస్టు 31, శనివారం. కుండపోత. సగం మందే వచ్చారు, మధ్యాహ్నానికి ఆఫీసు మూసేశాం. సెప్టెంబరు 1 ఆదివారం బుడమేరు నీళ్లు సింగ్‌నగర్‌ని ముంచేశాయి. తర్వాత మీరు టీవీల్లో చూసే ఉంటారు: మేడల మీద జనం, పడవలు, డ్రోన్లతో అన్నం పొట్లాలు.

మా ఆఫీసు మొదటి అంతస్తులో ఉంది. సర్వర్‌కి చుక్క నీరు తగల్లేదు. కానీ కరెంటు పోయింది. నేను పటమటలో ఉంటాను. ఫోనులో టెయిల్‌స్కేల్ యాప్ తెరిచి చూస్తే ఆఫీసు సర్వర్ పక్కన ఆకుపచ్చ చుక్క ఆరిపోయి ఉంది. యూపీఎస్ చెప్పిన మాట విని అది పడుకుంది. కింద వరసలో గుంటూరు చుక్క మాత్రం వెలుగుతోంది. ముందు రోజు రాత్రి 11 గంటల కాపీ పూర్తయినట్టు అక్కడ రాసి ఉంది.

రిమోట్ యాక్సెస్ గురించి ఎవరూ గట్టిగా చెప్పని సంగతి అప్పుడు అనుభవంలోకి వచ్చింది. దారి ఎంత బాగున్నా, అవతల దీపం లేకపోతే అది ఎక్కడికీ వెళ్లదు. దూరం నుంచి చేరగలగడం ఒక సదుపాయం. దూరంగా ఒక కాపీ ఉండటం వేరే సదుపాయం. ఒకటి ఉంటే రెండోది ఉన్నట్టు కాదు.

ఆ నెల మాకు మామూలు నెల కాదు. టాక్స్ ఆడిట్ రిపోర్టులకి గడువు సెప్టెంబరు 30. కానీ సోమవారం నుంచి వచ్చిన ఫోన్లు గడువు గురించి కావు. ఎలక్ట్రికల్ సామాన్ల షాపు బాబాయి గారు చేశారు. షట్టర్ పైదాకా నీళ్లు. ‘బాబూ, సరుకు పోయింది సరే. కొన్న బిల్లులు, స్టాకు పుస్తకం అన్నీ కౌంటర్ కిందే ఉన్నాయి. ఇన్సూరెన్సు వాళ్లు కాగితాలు అడుగుతారంటున్నారు. నా దగ్గర చొక్కా తప్ప ఏమీ లేదు. మీ దగ్గర ఏమన్నా ఉన్నాయా?’

ఉన్నాయి. జూలై వరకూ ఆయనిచ్చిన కొనుగోలు బిల్లుల స్కాన్లు, జీఎస్టీ రిటర్నులు, మార్చి 31 నాటి స్టాకు జాబితా, పాలసీ కాపీ. అన్నీ గుంటూరులో, టీవీ స్టాండ్ కింద.

సార్‌కి ఫోన్ చేశాను. ఫైలు ఆఫీసు దాటకూడదన్న మనిషి ఒక్క క్షణం ఆలోచించి, ‘ఆ ఆఫీసే ఇప్పుడు గుంటూరులో ఉందనుకో. కానివ్వు’ అన్నారు. గుంటూరు కాపీకి ఇంకో కాపీ తీసి, దాన్ని పనిచేసే ఫోల్డర్‌గా మార్చి, సార్‌కీ అక్కకీ నాకూ మాత్రమే దారి ఇచ్చాను. మధ్యాహ్నానికి విశాఖ నుంచి అక్క ఒక్కొక్కరి కాగితాలు తీసి వాళ్ల వాట్సాప్‌కే పంపడం మొదలుపెట్టింది. ఆ వారంలో 41 మంది అడిగారు. రాత్రి పదకొండింటికి కూడా అక్క ఆపలేదు. ఆరున్నర రూలు గుర్తుచేస్తే, ‘నోర్మూసుకుని తర్వాతి నంబరు చెప్పు’ అంది.

ఆఫీసుకి కరెంటు తొమ్మిది రోజులకి వచ్చింది. కింద గదిలో మూటలు కట్టి పెట్టిన పాత కాగితం ఫైళ్లు మాత్రం ఉబ్బి, అట్టలు అట్టలుగా అతుక్కుపోయాయి. స్కాన్ అయినవి 2019 తర్వాతివే. అంతకు ముందువి డాబా మీద ఆరబెడితే కొన్ని చదవొచ్చాయి, చాలా రాలేదు. వాటిలో ఒక తాత గారి ఇల్లు అమ్మకం లెక్కలున్నాయి. ఆయన వచ్చి, తడిసిన కట్టని చేత్తో తడిమి, ఏమీ అనకుండా వెళ్లిపోయారు. ఆర్టికల్స్ పిల్లలు స్కానింగ్ పని అంటే విసుక్కోవడం ఆ రోజుతో మానేశారు.

టాక్స్ ఆడిట్ గడువుని తర్వాత అక్టోబరు 7 దాకా పెంచారు. అన్నీ సమయానికే వేశాం.

ఒక కవరు, ఒక శనివారం

అదయ్యాక సార్ నన్ను పిలిచి ఒక ప్రశ్న వేశారు: ‘ఆ రోజు నువ్వు కూడా సింగ్‌నగర్‌లో మేడ మీద చిక్కుకుని, ఫోను ఛార్జింగ్ అయిపోయుంటే?’

మంచి ప్రశ్న. సర్వర్ పెట్టిన మనిషి ఒక్కడికే అన్నీ తెలియడం కూడా ఒకే చోట ఒకే కాపీ ఉండటం లాంటిదే. అందుకే రెండు పేజీలు తెలుగులో రాశాను. ఏ డబ్బా ఎక్కడుంది, ఏ కేబుల్ దేనిది, ఆఫీసు చుక్క ఆరిపోతే గుంటూరుని ఎలా తెరవాలి, ఎవరైనా ఉద్యోగం మానేస్తే వాళ్ల తాళంచెవి ఎలా తీసేయాలి. పాస్‌వర్డులతో కలిపి సీలు చేసిన కవర్లు రెండు: ఒకటి సార్ ఇంటి బీరువాలో, ఒకటి విశాఖలో అక్క దగ్గర. ఆర్టికల్స్ పూర్తి చేసుకుని వెళ్లిన అబ్బాయి పేరు జాబితాలోంచి తీసే పని అతని ఎదుటే, అతనిచ్చిన స్వీటు తింటూ చేశాం. అనుమానంతో చేసే పని కాదని అందరికీ తెలియాలి కదా.

ప్రతి నెలా మొదటి శనివారం ఒక పరీక్ష ఉంటుంది. ఆఫీసులో అందరికంటే కొత్తవాళ్లు ఏదో ఒక క్లయింటు నంబరు, ఏదో ఒక సంవత్సరం చెప్తారు. ఆ ఫైలుని గుంటూరు నుంచి తెచ్చి తెరిచి చూపించాలి. తెచ్చేది నేను కాదు, ఆ రెండు పేజీలు చేతిలో పట్టుకుని వేరే ఎవరో ఒకరు. తిరిగి తెచ్చి చూడని బ్యాకప్ ఉన్నట్టా లేనట్టా ఎవరికీ తెలీదు.

మీ ఆఫీసులో ప్రింటర్ పేపర్ తీసేది మీరే అయితే, రేపు టీ తాగుతూ మీ వాళ్లని ఈ ఒక్కటి అడగండి: ‘సోమవారం మనం ఎవరం ఆఫీసుకి రాలేకపోతే, మన మీద నమ్మకంతో కాగితాలిచ్చిన మనిషికి వాటిని ఎక్కడి నుంచి తీసిస్తాం?’ జవాబుగా ఒక ఊరి పేరు వస్తే సరే. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటే, ఈ శనివారమే ఒక డిస్కు కొనండి.